షామియానా వర్ధిల్లాలి!

మా లారీ అడ్డాలో నీడ లేదు. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న మాట. గోదాం ముందు మేం హమాలీలం బియ్యం బస్తాలు దించుతాం. రాలిన గింజలను ఆడవాళ్లు ఊడ్చి చాటకెత్తుతారు. నెత్తిమీద రేకు ముక్కయినా ఉండదు.

అందుకే చెబుతున్నాను. నాయకులకు సన్మానాలు చేయాలి. రోజూ చేయాలి!

నవ్వకండి. మా కొంటా ఊరి వైపు మే నెల ఎండ మీరెప్పుడైనా చూశారా? అందులో మాకు నీడ దొరికేది మే డే ఒక్కనాడే. ఆ రోజు మా యూనియన్ ‘కార్మికబంధువు’లను సన్మానిస్తుంది. సన్మానమంటే షామియానా. కూలర్లు. చల్లటి నీళ్ల క్యాన్లు. నాయకుడికి చెమట పట్టకూడదు కదా! ఆ పుణ్యాన మాకూ ఆరుతుంది.

యూనియన్‌కు పక్షపాతం లేదు. గెలిచినవాడు మాకు మద్దతిస్తున్నందుకు, ఓడినవాడు ఇచ్చినందుకు, టికెట్ కోసం తిరిగేవాడు ఇవ్వబోతున్నందుకు శాలువా కప్పుతాం. షెడ్డు వేయిస్తామని అందరూ అన్నారు. ఎవరూ వేయించలేదు. వేయిస్తే షామియానాకు విలువేముంటుంది? ముందుచూపున్న మనుషులు!

పోయినేడు సభ అయ్యాక షామియానా విప్పుతుంటే నా భార్య చిన్నమ్మి మా అధ్యక్షుడు దశరథరామయ్యను అడిగింది.

“అన్నా, రేపు లారీలు వస్తయంట. ఈ గుడ్డ రేపటిదాక ఉంచరాదే?”

“ఏందమ్మా, టెంటోడికి రేపు పెండ్లి గిరాకి ఉన్నది. నీకోసం పెండ్లి ఆపమంటవా?”

అందరూ నవ్వారు. చిన్నమ్మి కూడా నవ్వింది.

మర్నాడు లారీలు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం చిన్నమ్మి చీపురు చేతిలో ఉండగానే పడిపోయింది. మళ్లీ లేవలేదు. యూనియన్ సంతాపసభ పెట్టింది. ఎండలోనే. నాయకులెవరూ రాలేదు, ఇక షామియానా ఎవరికి?

ఈ మే డేకి దశరథరామయ్య నన్ను వేదిక ఎక్కించి శాలువా చేతికిచ్చాడు.

“నువ్వు కప్పు తమ్మీ. పెండ్లాం పోయినోడు కప్పితే పేపర్ల ఫొటో వస్తది.”

మైకులో సన్మానపత్రం చదువుతున్నారు. నాయకుడు శ్రామికులకు నీడనిచ్చే మహావృక్షమట. అంత చెట్టుకు శాలువా దేనికి?

శాలువాతోనే దిగి వచ్చేశాను. గోదాం కిటికీ ఊచలకు రెండు కొసలు, గోడపక్కన ఆపిన లారీ కొక్కేలకు రెండు కొసలు కట్టాను. వెనక్కి చూస్తే నాయకుడు ఇంకా మెడ వంచుకునే ఉన్నాడు.

చిన్నమ్మితో కలిసి ఊడ్చే బుధ్రి వచ్చి ఆ శాలువా కింద నిలబడింది. తల ఎత్తి చూసింది.

“ఒక్క మనిషికే సరిపోతది అన్నా.”

సరిపోతుంది. పోయినేడైనా సరిపోయేది.

చిన్నమ్మి సంగతి ఇక నా నోట ఎప్పుడూ రాదు.