పైకెత్తిన ఫోనుకు వందనం

మా చెల్లెలు పోయిన రోజున ఇంటికి వచ్చినవాళ్లందరూ, ముందే కూడబలుక్కుని వచ్చినట్టు, నాకు ఒకే ఓదార్పు చెప్పారు.

"బాధపడకండి మాస్టారూ, ఆమె చివరి కచేరీ మొత్తం మా ఫోన్లో ఉంది."

గేటు దగ్గర ఒకరు చెప్పారు. కుర్చీలు సర్దుతూ ఇంకొకరు చెప్పారు. నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడలేక నిలబడిపోయిన ఒకాయన కూడా, వెళ్లేముందు జేబు తట్టి చూపించి వెళ్లాడు.

ఆ రోజు నుంచి నేను ఫోన్ల పక్షం. లైవ్ కాన్సర్ట్‌కు వెళ్లి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఊరికే పాట వింటూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఇంకా గట్టిగా చెప్పమంటారా? అలాంటివాళ్లు హాలుకు దండగ!

కోపం తెచ్చుకోకండి. నేను స్కూలు మాస్టర్ని. కారణం చూపించకుండా మార్కులు వెయ్యను, తీసెయ్యను.

పూర్వం మనిషి కచేరీకి ఎలా వెళ్లేవాడు? రెండు చెవులు తగిలించుకుని వెళ్లేవాడు. ఏం తీసుకుని వచ్చేవాడు? ఏమీ లేదు. ఎలా ఉందని ఇంట్లో అడిగితే "బాగుంది" అనేవాడు. అంత ఖరీదు పెట్టి టికెట్ కొని, అంత దూరం వెళ్లి, ఆ ఒక్క మాట మోసుకొస్తాడా? నా క్లాసులో ఎవరైనా ఇలాంటి జవాబు రాస్తే అరమార్కు కూడా రాదు.

ఇప్పుడలా కాదు. మనిషి సాక్ష్యాలతో తిరిగి వస్తున్నాడు. మూడు గంటల కచేరీకి మూడు గంటల వీడియో. దాన్ని మళ్లీ ఎప్పుడు చూస్తారని మాత్రం అడక్కండి, అది మర్యాద కాదు. అద్దాల బీరువాలో పెట్టిన పింగాణీ కప్పుల్లో టీ ఎప్పుడు తాగుతారని ఎవరినైనా అడుగుతామా? ఉన్నాయి, అంతే. ఉండటమే వాటి పని.

ఇంకో లాభం చూడండి. నేను ఎక్కడ కూర్చున్నా నా ముందు సీట్లోకి ఒక పొడగరి వచ్చి కూర్చునేవాడు. టికెట్ అమ్మేటప్పుడే ఆ ఏర్పాటు చేస్తారేమోనని నాకు అనుమానం ఉండేది. ఆయన మెడ వెనక భాగం తప్ప నాకు సంగీతంలో ఇంకేమీ తెలియకుండా ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు అదే పొడగరి ఫోను పైకెత్తుతున్నాడు. స్టేజి మొత్తం అరచేతి సైజులో, వెలుగుతూ, నా కళ్ల ముందుకు వస్తోంది. ఆయన చెయ్యి నొప్పి పుట్టి దించితే పక్కాయన ఫోను ఉంది. అదీ కాకపోతే కుడివైపు ఆవిడది. స్టేజి ఒక్కటే, తెరలు కొన్ని వందలు. ఇంతకంటే గిట్టుబాటు ఎక్కడుంది?

కుటుంబ అనురాగాల సంగతి చెప్పనే లేదు. ఆ మధ్య ఒక కచేరీలో, ఆలాపన మంచి పట్టులో ఉండగా, నా పక్కాయన వాళ్ల అత్తగారికి వీడియో కాల్ చేశాడు. కచేరీ చూపించాలని ఆయన తాపత్రయం.

"అత్తయ్యా, వినిపిస్తోందా?"

"ఏం వినిపిస్తుంది నాయనా, అక్కడ ఆ గోల ఏమిటి? ముందు ఆ టీవీ కట్టేసి మాట్లాడు."

"టీవీ కాదత్తయ్యా, కచేరీ."

"ఏదో ఒకటి. అది కట్టేసి మాట్లాడు."

ముందు రెండు వరుసలు, వెనక రెండు వరుసలు ఆ సంభాషణ పూర్తిగా విన్నాయి. ఆవిడ మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి మేమందరం సంతోషించాం. పాట మాట అంటారా? పాటలు ఎప్పుడూ ఉంటాయి. అత్తగారి మోకాలి నొప్పి ఎప్పుడూ తగ్గుతుందా?

ఇక చప్పట్లు. పాతకాలపు శ్రోతలు పరమ పిసినారులు. పాట పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవారు. పూర్తయ్యాక కూడా ఒక క్షణం ఆగి, నిజంగా అయిపోయిందా అని చూసుకుని, అప్పుడు కొట్టేవారు. ఎంత లోభం! ఇప్పటి శ్రోతల చెయ్యి పెద్దది. గాయకుడు నీళ్లు తాగితే చప్పట్లు. గొంతు సవరించుకుంటే చప్పట్లు. మైకు కీచుమంటే ఈలలు. ఇక గాయకుడు మైకు మన వైపు తిప్పి "ఇప్పుడు మీరు" అన్నాడంటే హాలంతా లేచి నిలబడుతుంది. టికెట్ మనమే కొని పాట కూడా మనమే పాడుతున్నాం! నేను క్లాసులో సుద్దముక్క పిల్లలకు ఇచ్చి "ఇప్పుడు మీరు" అంటే, జీతం కూడా వాళ్లకే ఇవ్వమని హెడ్మాస్టరు అడుగుతారు. కళాకారుడికి ఆ ఇబ్బంది లేదు.

ఈ గొప్పతనాలన్నీ ఇంత శ్రద్ధగా నేను ఎందుకు పరిశీలించానో చెప్పాలి.

మా చెల్లెలు ఫ్లూట్ వాయించేది. పేరున్న గాయకుడి పక్కన, అంటే బాగా పక్కన, స్టేజికి ఎడమ చివర, పెద్ద స్పీకరు నీడలో ఆమె కుర్చీ ఉండేది. పోస్టర్లో ఆమె పేరు "తదితరులు". ఆ మాట చూసి నేను చిన్నబుచ్చుకుంటే, "పోనీలే అన్నయ్యా, అందరికంటే పెద్ద బృందం మాదే" అనేది.

చివరి పాటలో గాయకుడు అలసట తీర్చుకునే చోట ఆమెకు కాస్త జాగా ఇచ్చేవారు. అందులో తనకు అప్పటికప్పుడు తోచింది వాయించేది. ఏ రోజుది ఆ రోజుకే. ఎక్కడన్నా రాసిపెట్టమ్మా అంటే, రాసుకుంటే తనకే విసుగొస్తుందనేది.

తల్లీకూతుళ్లు మా మేడమీద వాటాలోనే ఉండేవారు. మా మేనకోడలికి పదహారేళ్లు. తల్లి కచేరీ ఏదీ వదిలేది కాదు. ఆ చివరి కచేరీ రోజున మాత్రం దానికి జ్వరం. అయినా వస్తానని తయారై మెట్లు దిగింది. మా చెల్లెలు నుదుటి మీద చెయ్యి వేసి చూసి, వెనక్కి తిప్పి మెట్లెక్కించింది.

"ఈ ఒంటితో ఏం వస్తావే? అక్కడ అందరూ తీస్తారుగా. వచ్చాక ఇద్దరం కలిసి విందాం. చివరి పాటలో నీకోసం ఒకటి దాస్తాను. ఏమిటో కనిపెట్టు చూద్దాం."

మాత్రలు వేసే పని నాకు అప్పగించి, ఫ్లూట్ సంచి భుజాన వేసుకుని వెళ్లింది.

వారం తిరగకుండానే, ఆ వీడియోలు ఇంకా ఎవరినీ అడగనైనా అడగకముందే, పొద్దున వంటగదిలో కూలబడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికే లేదు. ఈ వాక్యాన్ని ఇంతకంటే పెద్దది చేసే శక్తి నాకు లేదు.

అమ్మ దాచింది ఏమిటో వినాలని మా మేనకోడలు అడిగింది. ఆ తర్వాత అది నన్ను ఇంకేమీ అడగలేదు. ఇదేమంత పెద్ద కోరిక? అంత పెద్ద హాలు, అన్ని ఫోన్లు! నేను ధీమాగా సరేనన్నాను.

మొదట నిర్వాహకులను కలిశాను. వాళ్లు చాలా మర్యాదస్తులు. "అందరూ తీస్తారు కదా మాస్టారూ, మళ్లీ మనకెందుకని ఈసారి రికార్డింగ్ పెట్టించలేదు" అన్నారు. అందులో తప్పు పట్టడానికేముంది? మా చెల్లెలు అన్న మాటే వాళ్లూ అన్నారు.

తర్వాత వీడియోలు రావడం మొదలైంది. మనుషులు మంచివాళ్లు, అడిగిన ప్రతివాళ్లూ పంపారు. భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని నేనూ మా మేనకోడలూ కూర్చున్నాం. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి, నాకు ఓపిక ఎక్కువే.

ఒక వీడియోలో పాటంతా ఒకాయన బూట్లు ఉన్నాయి. ఒకదాంట్లో ఒక కుర్రది పాటంతా తన ముఖమే తీసుకుంది, వెనక ఎక్కడో చుక్కంత స్టేజి. ఒకదాంట్లో గాయకుడి ముక్కు దాకా జూమ్ చేశారు, అది మాత్రం బాగా వచ్చింది. ఒకాయన వీడియోలో, సరిగ్గా ఫ్లూట్ మొదలయ్యే చోట, కారు ఎక్కడ పెట్టామన్న చర్చ మొదలైంది. మొదటి గేటు దగ్గరే పెట్టారని తేలింది. ఆ కుటుంబం క్షేమంగా ఇల్లు చేరిందనే నమ్ముతున్నాను.

అయినా మేం వదల్లేదు. ఒకదాంట్లో ఒక ముక్క, మరోదాంట్లో మరో ముక్క ఏరుకున్నాం. నెమ్మదిగా ఫ్లూట్ బిట్ మొదటి భాగం కూడింది. అక్కడిదాకా వచ్చాక మా చెల్లెలు ఆగింది. ఆ ఆగిన చోట హాలంతా చప్పట్లు, ఈలలు.

రెండో వీడియోలోనూ అక్కడే. పదో వీడియోలోనూ అక్కడే. క్లాసంతా ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టినప్పుడు అన్ని పేపర్లలోనూ ఒకే లెక్క ఒకే చోట తప్పుతుంది చూడండి, అలాగే.

అయిపోయినట్టుంది కదమ్మా అన్నాను. మా మేనకోడలు తల అడ్డంగా ఊపింది.

"అయిపోలేదు మామయ్యా. అమ్మ అక్కడ ఊపిరి తీసుకుంటుంది. అసలుది తర్వాతే."

అవును. చప్పట్లు తగ్గేసరికి గాయకుడు మళ్లీ పాట అందుకున్నాడు. మధ్యలో ఆమె వాయించినదంతా చప్పట్ల కింద ఉండిపోయింది.

అప్పుడు వీడియోలు అడగడం మానేసి మనుషులను అడిగాను. ఆ తర్వాత ఏం వాయించిందో మీకేమైనా గుర్తుందా అని. చదువుకున్నవాళ్లు, సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్లు, అందరూ నాకు ఒకే జవాబు ఇచ్చారు.

"వినలేదు మాస్టారూ. తీస్తున్నాను కదా."

డ్రమ్స్ వాయించే అబ్బాయి, తన చెవుల్లో పెట్టుకునే దాంట్లో తన డ్రమ్సే వినిపిస్తాయని చెప్పాడు. గాయకుడు చాలా బాధపడ్డారు. సరిగ్గా ఆ సమయంలో ఆయన ప్రేక్షకులకు వీపు తిప్పి, వాళ్లందరూ వచ్చేలా సెల్ఫీ తీసుకుంటున్నారట. ఆ ఫోటో నాకు పంపారు. ఎడమ చివర మా చెల్లెలి మోచెయ్యి ఉంది.

చివరికి ఒకావిడ స్వయంగా మా ఇంటికి వచ్చింది. బ్యాంకులో పనిచేస్తుంది. ఎడమవైపు రెండో వరుసలో కూర్చుందట. గాయకుణ్ణి వదిలేసి, పాటంతా మా చెల్లెల్నే తీసిందట. అలాంటి మనిషి ఒకరున్నారన్న సంబరంలో ఆవిడకు కుర్చీ వెయ్యాలని కూడా తోచలేదు.

వీడియో పెట్టింది. మా చెల్లెలు ఎంత స్పష్టంగా ఉందో! కళ్లు మూసుకుని వాయిస్తోంది. పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నాయి. వెనక ఎవరో ఏడుపు గొంతుతో ఏదో పాడుతున్నారు.

ఫ్లూట్ ఏదమ్మా అని అడిగాను.

మనిషి పోయిందని తెలిసి, బాధ తట్టుకోలేక, ఆ పాటా ఆ పూలూ తనే చేర్చిందట. అసలు వీడియోను తీసేసిందట. ఫోన్లో జాగా లేక.

నేను ఫోన్ ఆవిడకు తిరిగి ఇచ్చెయ్యబోయాను. మా మేనకోడలు మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"పర్లేదాంటీ. సౌండ్ లేకపోయినా అమ్మ వేళ్లు కనిపిస్తే చాలు. నేను పట్టుకుంటాను."

నిజమే. తల్లి దగ్గర నేర్చుకున్న పిల్ల. ఏ రంధ్రం మీద ఏ వేలు పడితే ఏ స్వరమో దానికి తెలుసు. రాలుతున్న రేకుల సందుల్లోంచి వేళ్లను చూస్తూ, బల్ల అంచు మీద తన వేళ్లు కదిలిస్తూ వెళ్లింది. ఊపిరి తీసుకునే చోటు వచ్చింది. మా చెల్లెలు ఫ్లూట్ కాస్త దించింది. మళ్లీ పెదవి దగ్గరికి ఎత్తింది. వేలు లేచింది.

తెర గిర్రున తిరిగింది. ఒక హ్యాండ్‌బ్యాగు జిప్పు కనిపించింది, ఆ తర్వాత చీకటి.

"నాకు అంత బాగా అనిపించిందండీ," అంది ఆవిడ నేల చూపులు చూస్తూ. "చప్పట్లు కొడదామని ఫోన్ ఒళ్లో పెట్టేశాను."

ఏమైనా విన్నారా అని అడిగాను. తన చప్పట్లే వినిపించాయని చెప్పింది. మా మేనకోడలు లేచి వెళ్లి ఆవిడకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

కాబట్టి పాఠకులారా, నా వాదన మీకు అర్థమయ్యే ఉంటుంది. కచేరీలో దయచేసి ఫోను దించకండి. ఒక చేత్తో కాదు, రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకోండి. కనీసం చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ ఉండవు.

ఇంకొక్క మనవి. అంత పెద్ద హాల్లో, ఆ సాయంత్రం, ఒక్కరికైనా ఫోన్లో చార్జింగ్ అయిపోయి ఉంటుందని నా ఆశ. ఇంట్లో మరిచిపోయి వచ్చినవారైనా ఫరవాలేదు. వేరే పనేమీ లేక, విసుక్కుంటూ, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారు ఎవరైనా ఉంటే ఈ పత్రిక చిరునామాకు రాయండి. హాలుకు దండగ అని ఇందాక మిమ్మల్నే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీకు సంగీతం రానక్కర్లేదు, కూనిరాగం తీయగలిగితే చాలు. నేనే మీ ఇంటికి వస్తాను.

సాయంత్రాలు మేడ మీద నుంచి ఫ్లూట్ వినిపిస్తుంది. మా మేనకోడలు తల్లి ఫ్లూట్ మీద ఆ బిట్ మొదటి నుంచి వాయిస్తుంది. ఆగే చోటు దాకా వస్తుంది. ఊపిరి తీసుకుంటుంది.

ఆ తర్వాతది మాకు ఇంకా దొరకలేదు.