చెప్పని పాఠానికి చప్పట్లు

మంగళవారం పొద్దున అక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదింటికి లేవాలి, రెండు కారేజీలు కట్టాలి, ఎనిమిదీ పదికి బస్సెక్కాలి, మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పాలి. అది ఆమె ముప్పయ్యో పాఠం. బి.ఎడ్. చదివేవాళ్లు ఏదో ఒక స్కూలుకు వెళ్లి ముప్పై పాఠాలు చెప్పి రికార్డు రాస్తే తప్ప ఆఖరి ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. ఇరవై తొమ్మిది అయిపోయాయి. ఈ ఒక్కటీ గట్టెక్కితే మధ్యాహ్నం ఇంటికొచ్చి ఒక గంట పడుకోవాలని కూడా పథకంలో ఉంది. ఆ ఏడాది మొత్తంలో ఆమె తనకోసం అంటూ కోరుకున్నది ఆ గంట ఒక్కటే.

బ్యాచ్ అంతా ఆమెను అక్కయ్య అనే పిలుస్తుంది. తక్కినవాళ్లకు ఇరవై రెండూ ఇరవై మూడూ ఉంటాయి, ఆమెకు ముప్పై తొమ్మిది. పెళ్లితో ఆగిపోయిన చదువును పదిహేనేళ్ల తరవాత మళ్లీ పట్టుకుంది. వచ్చే ఏడాదితో టీచరు ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. ఈసారి పాసైతే టీచరమ్మ, లేకపోతే ఎప్పటికీ టైలరుగారి భార్య. టైలరుగారు మంచివాడే, చదువుకుంటానంటే వద్దనలేదు. కాకపోతే కాజాలు కుట్టే పని మాత్రం ఆమె చేతిలోంచి తియ్యలేదు. ముందు రోజు కూడా ఏడు చొక్కాలకు కాజాలు కుట్టి పడుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అదే కొంప ముంచింది. పాఠ్య పథకం తెరిచి 'ఘర్షణ అనగా' వరకు చదివింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి కండక్టరు భుజం దగ్గర నిలబడి టికెట్ల సంచీతో సీటు కొడుతున్నాడు. బస్సు డిపోలో ఉంది. ఎదురు బస్సు పట్టుకుని, ఆయాసపడుతూ స్కూలుకు చేరేసరికి ఐదో పీరియడ్ గంట కొడుతున్నారు.

ఏం చెప్పాలో, ఎవరి కాళ్లు పట్టుకోవాలో ఆలోచించుకుంటూ స్టాఫ్ రూములోకి అడుగు పెట్టింది. ఎదురుగా ఆమె జోడీ బక్కమ్మాయి నవ్వుతూ వచ్చి చేతులు పట్టుకుంది.

"అమ్మయ్య, ముప్పై అయిపోయాయి కదా అక్కయ్యా."

"ఏం అయిపోవడమే, నేను ఇప్పుడేగా వస్తున్నాను."

బక్కమ్మాయి నవ్వు అలాగే ఆగిపోయింది. "మరి నేను పరిశీలన పత్రం పొద్దున్నే ఫైల్లో పెట్టేశాను. సార్ సంతకం కూడా పెట్టేసి వెళ్లిపోయారు" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఒకరు పాఠం చెబుతుంటే జోడీ వెనక కూర్చుని చూసి పరిశీలన పత్రం నింపాలన్నది రూలు. జోడీలో ఇద్దరికీ ఒకే పీరియడ్‌లో వేరే వేరే తరగతులు వేసింది టైంటేబుల్. ఆ రెంటికీ ఏనాడూ పొసగలేదు. అందుకని బ్యాచ్ మొత్తం ముందు రోజు భోజనాల వేళే కూర్చుని, మర్నాడు జరగబోయే పాఠాలను పరిశీలించేసేది. పాఠాలు చూసి సంతకం పెట్టాల్సిన వాళ్ల కాలేజీ మెథడ్ మాస్టారిదీ అదే అవస్థ. ఒక పూటలో నాలుగు స్కూళ్లు చూడాలి, ఉన్నది ఒక స్కూటరు. మొదటి గంటకే వచ్చి, ఆ రోజు పాఠాలన్నిటి కిందా 'చూశాను' అని సంతకాలు పెట్టి రెండో స్కూలుకు పరిగెత్తేవాడు. దీన్నెవరూ మోసం అనుకోలేదు. పాఠాలు ఎలాగూ జరిగేవి కదా, నిన్నటిదాకా.

పైగా బక్కమ్మాయి ఆఖరి పాఠం కదా అని ప్రేమకొద్దీ రాసింది. టీచరు స్వయంగా చేసిన చెక్కబండిని నున్నటి బల్ల మీదా గోనెపట్టా మీదా నడిపించి చూపిందట. ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ అమ్మాయి తనంతట తానే లేచి ప్రశ్న వేసిందట. గంట కొట్టాక పిల్లలు చప్పట్లు కొట్టారట.

"చెక్కబండి ఎక్కడిదే?" అని నీరసంగా అడిగింది అక్కయ్య.

"ఏదో ఒక ఉపకరణం లేకపోతే బాగుండదని" అంది బక్కమ్మాయి.

ఒక్క పాఠం దొంగదని తేలినా ముప్పై పాఠాలూ రద్దవుతాయి. ఏడాది మళ్లీ మొదటికొస్తుంది, అప్పటికి వయసు దాటిపోతుంది. వెళ్లి చెప్పేద్దామంటే మాస్టారు నాలుగో స్కూల్లో ఉన్నాడు. కాళ్లు పీకుతున్నాయి. రేపు చెబుదాంలే అనుకుంది. రేపటికి ఇంకో పది పనులు వచ్చిపడ్డాయి. అలసిపోయిన మనిషికి నిజం చెప్పడం కూడా ఒక పనే.

వారం తిరిగేసరికి కాలేజీకి పై నుంచి కాగితం వచ్చింది, ఈ ఏడాది అత్యుత్తమ పాఠం ఒకటి ఎంచి పంపమని. మెథడ్ మాస్టారు రికార్డులన్నీ తిరగేశాడు. అన్నిట్లోనూ 'పాఠం బాగున్నది' అని ఒకే ముక్క. ఒక్కదాంట్లో మాత్రం బండి ఉంది, ప్రశ్న ఉంది, చప్పట్లున్నాయి. ఆయన దాన్నే ఎంచాడు. స్కూలు తరఫున ధ్రువీకరించమంటే హెడ్మిస్ట్రెస్ గారు ఒక్క క్షణం తడబడ్డారు. ఆ మంగళవారం ఆవిడ సెలవు పెట్టకుండా ఇంటి దగ్గర నీళ్ల ట్యాంకు కడిగించుకుంటున్నారు. వినలేదంటే ఎక్కడున్నారని అడుగుతారు. అందుకని వరండాలోంచి విన్నానని, ఎంతో చక్కగా చెప్పిందని రాసి స్టాంపు కొట్టారు. చివరికి మాస్టారు పిల్లల్ని కూడా అడిగాడు, ఆ రోజు మూడో పీరియడ్ ఎలా ఉందని. చాలా బాగుందని తరగతంతా ఏకకంఠంతో చెప్పింది. పాపం, వాళ్లు అబద్ధమాడలేదు. టీచరు రాని పీరియడ్ ఎవరికి బాగుండదు?

ఆ కాగితాలన్నీ చదివిన, బయటినుంచి వచ్చి పరీక్ష పెట్టే ఎక్స్‌టర్నల్ మేడం ప్రాక్టికల్ పరీక్షకు వచ్చినప్పుడు అదే పాఠం, అదే తరగతిలో, అదే బండితో చూస్తానని కబురు పెట్టింది. మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు అక్కయ్య గోడకు ఆనుకుని నిలబడింది.

"సార్, ఒక మాట చెప్పాలి. ఆ రోజు నేను అసలు..."

"కంగారుపడ్డారు, నాకు తెలుసమ్మా. అయినా బాగా చెప్పారు. నేను చూశాను కదా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధమాడుతున్న ముఖం కాదది. సంతకం తనదే కనుక తను చూసే ఉంటానని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఆమె బండి చేయించడానికి ఇంటిదారి పట్టింది.

బండి తయారీ టైలరుగారి మీద పడింది. ఆయన గుడ్డలు కత్తిరించే బల్లకున్న నాలుగు చక్రాలూ ఊడదీసి ఒక పాత చెక్క పలకకు బిగించాడు. అప్పటిదాకా ఒక్క తోపుతో జరిగే బల్ల ఆ రోజు నుంచి ఇద్దరు పట్టుకుంటే గానీ కదల్లేదు. "నువ్వు పాసైతే చక్రాలు మళ్లీ బల్లకే పెడతాను. తప్పితే ఆ బండెక్కి ఇద్దరం ఊరేగుదాం" అన్నాడు. పరీక్ష రోజు పొద్దున ఆమె బయల్దేరుతుంటే, భార్యకు ఇంకేం సాయం చెయ్యాలో తోచక, మిషన్ నూనె తీసుకుని నాలుగు చక్రాలకూ దండిగా పోశాడు.

ఇటు బక్కమ్మాయి మూడు రోజులుగా చివరి బెంచీ అమ్మాయికి ప్రశ్న బట్టీ పట్టిస్తోంది. ఘర్షణ లేకపోతే మనం నడవగలమా టీచర్, అని అడగాలి. తను తలుపు దగ్గర నిలబడి తల ఊపగానే లేవాలి. ఆ పిల్ల అన్నిటికీ తల ఆడించింది, నోరు మాత్రం విప్పలేదు.

పరీక్ష వేళకు ఎక్స్‌టర్నల్ మేడం వెనక కుర్చీలో కూర్చుంది. ఒక పక్క మాస్టారు, ఇంకో పక్క హెడ్మిస్ట్రెస్ గారు. అక్కయ్య బల్ల మీద సగం మేర గోనెపట్టా పరిచి, దాని మీదికొస్తే బండి ఎలా ఆగిపోతుందో చూడండి పిల్లలూ అని మెల్లగా తోసింది. బండి ఆగలేదు. పట్టాను పట్టించుకోకుండా దాటి, బల్ల అంచు దిగి, నేల మీద పలక పగిలింది. చక్రాలు తలో దిక్కూ పోయాయి. అందులో ఒకటి తీరిగ్గా దొర్లుతూ వెళ్లి హెడ్మిస్ట్రెస్ గారి కుర్చీ కింద దూరింది. తరగతి గొల్లుమంది. బక్కమ్మాయి భయంతో తల ఊపేసింది.

చివరి బెంచీ అమ్మాయి లేచింది. గది సద్దుమణిగింది. ఆ పిల్ల గొంతు సవరించుకుంది, పైకప్పు వైపు చూసింది, నేర్పిన ప్రశ్న ఎంతకీ గుర్తుకురాలేదు. చివరికి తన మనసులో ఉన్నదే అడిగింది.

"టీచర్, ఆ రోజు మీరెందుకు రాలేదు?"

మాస్టారు దగ్గాడు. పిల్ల మాత్రం కూర్చోలేదు.

"మీరొస్తారని బోర్డు తుడిచి, తేదీ రాసి పెట్టాను. గంట కొట్టేదాకా చూశాను."

ఈ ఏడాదంతా అక్కయ్య పాఠాలు లెక్కపెట్టుకుంటూ గడిపింది. అటువైపు ఒకరు తనకోసం బోర్డు తుడిచి కూర్చుంటారని ఏ రోజూ అనుకోలేదు. ఏడాది పోతే పోనీ, ఈ పిల్లకు మాత్రం అబద్ధం చెప్పలేననుకుంది.

"బస్సులో నిద్రపోయానమ్మా. డిపో దాకా వెళ్లిపోయాను. తప్పు నాదే, ఆ పాఠం నేను చెప్పనే లేదు."

"నిద్రపోతే సీట్లోంచి జారిపోలేదా టీచర్?" అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు.

"లేదే. ఎందుకు జారలేదంటారు?"

నూలు చీర కట్టుకున్నారు గనక అని ఒకరన్నారు. పట్టు చీరైతే జారేవారని ఇంకొకరన్నారు. మరి నా ఒళ్లో సంచీ మాత్రం ఎందుకు జారిందని అక్కయ్య అడిగింది. బ్రేకు వేస్తే అంత బస్సు ఎలా ఆగింది, ఇందాక బండి ఎందుకు ఆగలేదు అంటూ మాట మీద మాట వచ్చింది. నూనె పోసింది ఎవరో తెలిశాక పిల్లలు పడీపడీ నవ్వారు. చివరి బెంచీ అమ్మాయి బోర్డు దగ్గరికొచ్చి బస్సు బొమ్మ గీసి, చక్రాల కింద బాణం గుర్తు ఎటు పెట్టాలో వెనకున్నవాళ్లతో వాదించింది. అక్కయ్య పాఠ్య పథకం ఎక్కడ పెట్టిందో కూడా మరిచిపోయింది. ఆ పావుగంటా ఆమెకు అలసట తెలియలేదు. టీచరు కావడమంటే ఇదన్నమాట అని మొదటిసారి అనిపించింది. గంట కొట్టాక ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మోగాయి.

స్టాఫ్ రూములో ఎక్స్‌టర్నల్ మేడం కళ్లద్దాలు తీసి ముగ్గురినీ చూసింది. ఆ రోజు రానే లేదని ఆవిడే చెబుతోంది, మీరేమో చూశానని సంతకం పెట్టారు, ఏమిటిది అని అడిగింది.

మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. "అది ప్రేరణ మేడం. పిల్లల్ని పాఠంలోకి లాగడానికి తమ మీద తామే ఒక కథ అల్లుకోవడం. మా కాలేజీలో ప్రత్యేకంగా నేర్పిస్తాం."

వరండాలోంచి తాను స్వయంగా విన్నానని హెడ్మిస్ట్రెస్ గారు వంత పాడారు.

"కథ కాదు మేడం. ఒట్టు, నిజంగానే నిద్రపోయాను" అంది అక్కయ్య. డిపో పేరు చెప్పింది, కండక్టరు సీటు కొట్టిన సంగతి కూడా చెప్పింది.

మేడం ముచ్చటపడి నవ్వింది. "చాలమ్మా, ఇంక పాత్రలోంచి బయటికి రండి. ఆ చివరి పిల్లకు కూడా ఎంత బాగా నేర్పారు" అంది.

ఇంక వాదించే ఓపిక అక్కయ్యకు లేదు. పాసయ్యావని చెబుతుంటే కాదని పోట్లాడే తెగువా లేదు. మూడు చక్రాలు తరగతిలోంచి వచ్చేటప్పుడే ఏరి సంచీలో వేసుకుంది. నాలుగోదాని మీది కుర్చీలో హెడ్మిస్ట్రెస్ గారు అప్పటికింకా కూర్చునే ఉండడంతో అడగలేకపోయింది. సాయంత్రం బస్సులో, నిద్ర రాకుండా నిలబడే, మేడం రాసిచ్చిన కాగితం విప్పి చదువుకుంది.

'పాఠం సంతృప్తికరం. అయితే ఇదే పాఠాన్ని ఈమె మొదటిసారి ఇంతకంటే బాగా చెప్పినట్టు రికార్డులో ఉన్నది.'