పుక్కిలింత దీక్ష

ఆ ఉదయం లక్ష్మీనరసింహం పంతులుగారు పెట్టుకొన్న కార్యక్రమం చాలా చిన్నది. పాలు వచ్చేలోపల చెంచాడు కొబ్బరినూనె నోట పోసుకోవాలి, మనవరాలు చెప్పినంతసేపు పుక్కిలించాలి, పెరట్లో ఉమ్మివేయాలి, ఆపైన స్నానసంధ్యలు. ఇదంతా ఎవరి కంటా పడకూడదన్నది ఒక్కటే నియమం.

దాని వెనుక సంగతి ఇది. మాఘం వెళ్లినప్పటినుంచి ఆయన నాలుకమీద తెల్లని పూత ఒకటి మీగడలా పేరుకొంది. కారం తగిలితే మంట, వేడి తగిలితే మంట. పొదిలి వెళ్లి చూపిస్తే డాక్టరుగారు టార్చి వేసి చూశారు.

"దీన్ని కాండిడా అంటారండీ. ఒక రకం బూజు. కట్టుడుపళ్లు రాత్రిపూట తీసి కడిగి పెట్టండి. షుగరు పరీక్ష చేయించండి. ఈ చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేసుకోండి. వేసుకున్నాక అరగంట మంచినీళ్లు కూడా ముట్టకండి."

ఇన్ని మాటల్లోనూ పంతులుగారి మనసుకెక్కింది ఒక్కటే, బూజు. రామాయణ భాగవతాలు ప్రవచించిన నాలుక అది. ఏటా శ్రీరామనవమి పందిట్లో సీతారామకల్యాణ ఘట్టాన్ని వ్యాఖ్యానించే నాలుక. "మన పంతులుగారి నోట్లో బూజు పట్టిందంట" అని మిరపకల్లాల దగ్గర చెప్పుకోవడం మొదలైతే, ఈ నవమికి ఆ పీటమీద పక్కూరి పండితుడెవరో వచ్చి కూర్చుంటాడు.

పోనీ, గుట్టుగా చుక్కలు వేసుకొందామంటే, పూటపూటా ఆచమనం చేసే మనిషికి నీళ్లు ముట్టని అరగంట ఎక్కడిది? సీసా అలమరలోకి చేరింది. అప్పుడే ఒంగోలు కాలేజీనుంచి సెలవులకు వచ్చిన మనవరాలు అన్విత ఫోను చూసి మరో దారి చెప్పింది.

"స్వీట్లు కట్ తాతయ్యా. బెల్లం, పంచదార ఏవీ వద్దు. పులిసినవి కూడా మానెయ్. ఇడ్లీ లేదు, దోశ లేదు. పొద్దున్నే ఆయిల్ పుల్లింగ్. వెల్లుల్లి నమిలితే ఇంకా మంచిదంట."

"వెల్లుల్లి ఈ గడప తొక్కదు," అన్నారు పంతులుగారి భార్య కోటేశ్వరమ్మగారు వంటింట్లోంచి. "డాక్టరు మాట మాని ఫోను మాట వినే ఇంట్లో అదొక్కటే తక్కువ."

అదిగో, ఆ విధంగా నోటినిండా నూనెతో, బుగ్గలు రెండూ పూరీల్లా పొంగి ఉన్న సమయాన, వీధితలుపు తోసుకొని వెంకటనారాయణ వచ్చాడు. ఊళ్లో పెద్ద మిరపరైతు. పంతులుగారిని అడగనిదే నారు పోయడు, పంట తోలడు.

"పంతులుగారూ, కాయ ఎండింది. గుంటూరు యార్డులో రేటు చూస్తే ఏడుపొస్తంది. రేపు లారీకి ఎత్తమంటారా?"

పంతులుగారు అరచేయి ఎత్తారు. కాస్త ఉండు, ఉమ్మివచ్చి చెబుతానని ఆయన భావం.

"ఆగమంటారా?"

అవునన్నట్టు తల ఊగింది.

"ఎందాకా?"

ఆయన చేయి పెరటిగుమ్మం వైపు చూపింది. ఆ గుమ్మంపైన శ్రీరామపట్టాభిషేకం పటం వేలాడుతోంది. వెంకటనారాయణ చెప్పులు పక్కకు నెట్టి, పటానికి దణ్ణం పెట్టాడు.

"నవమి దాకానా?"

నూనె గొంతులోకి జారబోతోంది. ఎలాగైనా సంభాషణ ముగియడమే ముఖ్యమని పంతులుగారు బలంగా తల ఆడించి పెరట్లోకి పరుగుతీశారు. తిరిగివచ్చేసరికి మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు దాటిపోయింది.

పిలిపించి చెప్పవచ్చు. చెప్పాలంటే నోట్లో ఏమున్నదో చెప్పాలి, అది ఎందుకున్నదో చెప్పాలి. నవమి ఎంతలోకి వస్తుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకొని ఆయన స్నానానికి లేచారు.

ఆ మధ్యాహ్నం ఒక గృహప్రవేశంలో విస్తట్లోకి పూర్ణంబూరెలు రాబోతే చేయి అడ్డం పెట్టారు.

"ఒంట్లో బాగాలేదా పంతులుగారూ?" అన్నాడు వడ్డించే అతను.

"బాగానే ఉంది నాయనా. తీపి విడిచాను. ఒక నియమం."

ఆయన అబద్ధమాడలేదు, నిజం చెప్పనూ లేదు. ఈ రెంటి నడుమ ఉండే ఇరుకుసందులోనే లోకంలోని చిక్కులన్నీ కాపురముంటాయి. ఎదుటి బంతిలో కూర్చున్న వెంకటనారాయణ పొద్దుటి మౌనానికీ మధ్యాహ్నపు నియమానికీ ముడి వేశాడు.

"ఇంకా అర్థం కాలేదంట్రా? మిరపరేటు కోసం దీక్ష పట్టాడాయన. నవమి దాకా ఎవరూ కాయ కదపమాకండి."

ఆ సాయంత్రమే ఊళ్లోకి వచ్చిన లారీలు ఖాళీగా వెనక్కి మళ్లాయి. మర్నాడు ఆడవాళ్లు, పంతులుగారు మానిన తీపి మనకెందుకని బెల్లం మానారు. ఆ తరువాత టీకొట్టులో చప్పటి టీ మొదలైంది. చివరికి కిరాణాకొట్టు కరీమున్ కొంగు బిగించి పంతులుగారి వాకిట్లో నిలబడింది.

"మీ దీక్ష మీకు మంచిదే పంతులుగారూ. పానకానికని తెప్పించిన బెల్లందిమ్మలు చీమలు తింటున్నై. ఆటికి లేదా దీక్ష?"

ఆయన నోరు తెరిచారు. నిజం నాలుకదాకా వచ్చి, అక్కడి పూతను చూసి వెనక్కి మళ్లింది. కరీమున్ గొణుక్కుంటూ వెళ్లాక కోటేశ్వరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏమండీ, ఇవాళ్టినుంచి రాత్రి పళ్లు తీసి నా చేతికివ్వండి. టిఫినయినా భోజనమయినా, కాగానే చుక్కలేసుకొని నడుం వాల్చండి. నిద్దట్లో ఆచమనం చేసేవాళ్లను నేను చూళ్లేదు. కాదన్నారా, ఆ కరీమున్‌ను నేనే వెనక్కి పిలుస్తా."

పంతులుగారు లొంగిపోయారు. షుగరు పరీక్ష కూడా అయింది, లేదని తేలింది. అద్దంలో నాలుక చూసుకొనే ధైర్యం మాత్రం ఆయనకు రాలేదు.

నవమినాడు తెల్లవారుతూనే ఈశాన్యాన మబ్బు పట్టింది. ఊరి పంటంతా కల్లాల్లోనే ఉంది. ఒక్క జల్లు పడితే ఎర్రటి కాయ మచ్చలుపడి ఎందుకూ కొరగాకుండా పోతుంది. కల్యాణం జరుగుతున్నంతసేపూ వెంకటనారాయణ ముందువరసలో కూర్చుని ఒకసారి ఆకాశంకేసీ, ఒకసారి పంతులుగారికేసీ చూస్తూనే ఉన్నాడు. నమ్మినవాడి చూపు అది, నిలదీసేవాడి చూపు కన్నా బరువైనది.

మంగళహారతి అయింది. వ్యాఖ్యానం చెప్పినవారు మొదటి గ్లాసు పానకం పుచ్చుకొంటేనే తక్కినవారికి అందించడం ఆ ఊరి ఆచారం. గ్లాసు చేతికి వచ్చింది. తన నాలుక పరువుకోసం ఊరంతటి ఏడాది కష్టం వానపాలు కాబోతున్నదని అప్పుడు తోచింది పంతులుగారికి. గ్లాసు పక్కన పెట్టి మైకు అందుకొన్నారు.

"నాయనలారా, నేను దీక్ష పట్టలేదు. నా నాలుకకు బూజు పట్టింది. ఆనాడు వెంకటనారాయణ వచ్చేసరికి నా నోట్లో ఉన్నది మౌనం కాదు, కొబ్బరినూనె. ఆగమన్నది ఉమ్మివచ్చేదాకా. నామీద నమ్మకంతో పంట తడుపుకోకండి. ముందు కాయ ఎత్తుకోండి."

కాయ ఎత్తడానికి ఒక్కరూ లేవలేదు.

"నమ్మకపోతే చూడండి," అంటూ నాలుక బయటపెట్టారు.

వెంకటనారాయణ మెట్టెక్కి దగ్గరగా చూశాడు. కరీమున్ సెల్లు లైటు వేసింది.

"ఏదీ పంతులుగారూ? మందారప్పువ్వులా ఉంటేనూ," అన్నదామె.

అన్విత ఫోటో తీసి తాతగారి కళ్లముందు పెట్టింది. అందులో పూత లేదు, మచ్చ లేదు. ఆయన భార్యకేసి చూశారు. కోటేశ్వరమ్మగారు పందిరిగుంజకు కట్టిన మామిడాకులు లెక్కపెడుతున్నారు.

వెంకటనారాయణ కండువాతో కళ్లు తుడుచుకొన్నాడు. "విన్నారా? దీక్ష సంగతి పైకి చెప్పుకుంటే ఫలం పోద్దని, లేని రోగాన్ని నెత్తినేసుకున్నాడు మారాజు. పెద్దోళ్లు ఊరికే అవుతారా?"

"అది కాదురా నాయనా..."

"మీరేం చెప్పమాకండి. పానకం పుచ్చుకోండి. తీపి ముట్టారంటే దీక్ష దిగినట్టే. లారీలు మళ్లీ పిలిపించా, ఊరిబయట సిద్ధంగా ఉన్నై."

వాదించే కొద్దీ మబ్బు దిగుతోంది. పంతులుగారు గ్లాసెత్తి గటగటా తాగేశారు. మిరియపు ఘాటుకు నాలుక మండలేదు. గ్లాసు కిందపెట్టేసరికి పందిరి సగం ఖాళీ అయింది, చివరి లారీమీద పట్టా బిగించాకే తొలిచినుకు రాలింది. యార్డులో రేటు పైసా పెరగలేదు. "పడిపోలా, చూశారా? అదే దీక్ష మహిమ," అని వెంకటనారాయణ ఊరందరికీ చెప్పుకొచ్చాడు.

పంతులుగారు మైకులో చెప్పినదానిలో ఊరు నమ్మిన ముక్క ఒక్కటే. మర్నాడు పొద్దెక్కకముందే కరీమున్ కొట్లో కొబ్బరినూనె సీసాలు అయిపోయాయి. వీధివీధినా అరుగులమీద జనం బుగ్గలు పూరించుకొని కూర్చున్నారు. చుక్కలమందు సంగతి చెప్పబోయిన కోటేశ్వరమ్మగారికి అందరూ అరచేతులే ఎత్తి చూపారు.

ఆ వారమంతా ఊళ్లో తగాదా అన్నది లేదు. ఖాళీగా ఉన్న నోరు ఒక్కటీ లేదు.