పుల్లయ్య పొట్టకు దుబాసీ

పుల్లయ్యకు పెట్టింది తాతగారి పేరు. తాతగారు నిజంగానే పుల్లలా ఉండేవారట. మనవడు ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి, ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని, పేరుకీ మనిషికీ సంబంధం లేకుండా చేసుకున్నాడు.

ఉగాది వెళ్ళిన మర్నాడే భార్య ఆండాళ్ నూనె సీసా దాచేసింది. అప్పట్నుంచి పొద్దున ఆకులు, మధ్యాహ్నం డబ్బాలో ఆకులు, రాత్రికి మార్పు కోసం ఉడకబెట్టిన ఆకులు. "నడుం తగ్గిన రోజు గుత్తివంకాయ చేస్తా" అని మాటిచ్చింది. నమిలి నమిలి పుల్లయ్య దవడలు అరిగాయి గాని, పొట్ట చెక్కుచెదరలేదు.

ఎందుకు చెదరలేదో అతనికి తెలుసు. ఆఫీసు కింద బండి దగ్గర రోజూ పొమ్మెస్ తింటున్నాడు. బంగాళాదుంప వేపుళ్ళకి ఇక్కడి పేరది. పేరులోనే పొమ్మని ఉంది కదా, కొవ్వును పొమ్మంటుందేమో అనుకున్నాడు. అది రమ్మంది.

ఒకరోజు ఆండాళ్ టేపు తీసి, "వచ్చే నెల కొలుస్తాను" అంది. పొమ్మెస్ సంగతి బయటపడకుండా ఉండాలంటే పుల్లయ్యకు ఒకటే దారి కనిపించింది. గొట్టం పెట్టి కొవ్వు లాగేసే క్లినిక్‌కి ఫోన్ చేశాడు. ఆండాళ్‌తో ఆఫీసులో వర్క్‌షాప్ అని చెప్పి, సన్నబడి వచ్చి గుత్తివంకాయ ముందు కూర్చోవడం అతని పథకం.

"ప్రమాదాలన్నీ మీకు బాగా అర్థమయ్యే భాషలో చెప్పాలి, రూలు. మీకు ఏ భాష?" అని ఇంగ్లీషులోనే అడిగింది రిసెప్షన్ అమ్మాయి.

ఇంగ్లీషు అంటే గొడవే లేదు. కానీ ఉగాది సభలో "మీ భాషేదని ఎవరడిగినా, ఎక్కడడిగినా తెలుగే చెప్పండి" అని ఉపన్యాసం దంచింది ఇతగాడే. ఛాతీ విరుచుకుని "తెలుగు!" అన్నాడు. జర్మన్ అనడానికి ఎలాగూ లేదు. మొదటి పుస్తకం మూడో పాఠంలోనే ఏళ్ళుగా కాపురముంటున్నాడు.

టెర్మిన్ రోజు, అంటే అపాయింట్‌మెంట్ ఇచ్చిన రోజు, వెళ్ళాడు. డాక్టర్‌గారి పేరు ష్మాల్. ఆ మాటకి సన్నం అని అర్థం, మనిషీ అంతే. ఆయన బల్ల మీద టాబ్లెట్ నిలబెట్టి, దుబాసీ ఇందులో వస్తారని సైగ చేశారు.

తెర మీద ముందు ఒక వంటగది కనిపించింది. ఆ గోడ మీది క్యాలెండరు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు పుల్లయ్య. తర్వాత ఆండాళ్ వచ్చి కూర్చుంది.

ఆండాళ్ ఆస్పత్రులకీ ఆఫీసులకీ దుబాసీ పని చేస్తుందని అతనికి తెలుసు. ఇంట్లోంచి కూడా చేస్తుందని తెలీదు. ఆవిడ పని గురించి అతనెప్పుడూ అడిగి ఉంటే కదా!

ఆండాళ్ అతన్ని చూసింది. అరవలేదు. బాగా అలసిపోయిన గొంతుతో, "నమస్కారమండీ. మీ పేరు?" అంది.

"ఆండాళ్..."

"అది నా పేరు. మీది చెప్పండి."

చెప్పాడు. డాక్టర్ ఏదో అడిగారు.

"రోజూ ఏం తింటారంటున్నారు."

"ఆకులు."

"నిజం చెప్పమంటున్నారు."

"ఆయన నోరు విప్పలేదు కదా?"

"నేనడుగుతున్నాను."

"ఆకులూ... కాస్త పొమ్మెస్సూ."

"కాస్తంటే?"

"మయొనైజ్‌తో."

ఆండాళ్ ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచి, డాక్టర్‌కి చాలాసేపు చెప్పింది. ఆయన పుల్లయ్య పొట్టకేసి జాలిగా చూసి, ప్రమాదాలు మొదలుపెట్టారు.

"రక్తం పోవచ్చట. చీము పట్టొచ్చట. చర్మం మొద్దుబారొచ్చట. పొట్ట మీద గుంతలు పడొచ్చట, కాకినాడలో మా వీధిలాగ."

"ఆయన కాకినాడ ఎప్పుడెళ్ళాడు?"

"గుంతలు ఆయనవి, వీధి నాది. వినండి. గొట్టం పొరపాటున పేగుకి తగలొచ్చట. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో అడ్డం పడొచ్చట. ఇంకోటి, మీ కొవ్వులో ఎక్కువ భాగం లోపల పేగుల చుట్టూ ఉందట. గొట్టం అక్కడిదాకా వెళ్ళదు."

"మరి పొట్ట?"

"చాలావరకు అలాగే ఉంటుందట."

చివరగా డాక్టర్ చిన్న వాక్యం ఒకటి చెప్పి ఆగారు. ఆండాళ్ పెదవి విప్పలేదు. ఆవిడ వెనక కుక్కర్ కూత వేసింది.

"అంతా అర్థమైందా?" అని డాక్టర్ సైగ చేసి అడిగారు.

"యా!" అన్నాడు పుల్లయ్య హుషారుగా.

"నైన్", అంటే లేదు, అంది ఆండాళ్, తెరలోంచి.

ఆవిడ జర్మన్‌లో గబగబా ఏదో చెప్పుకొచ్చింది. అందులో 'మైన్ మన్' అన్న ముక్క అతను పట్టుకున్నాడు. నా మొగుడు అని, మూడో పాఠంలోదే. డాక్టర్ ఫైలు మూసేశారు. దుబాసీ ఇంటి మనిషి కాకూడదు, పైగా ఒక ప్రమాదం రోగికి చెప్పనేలేదు, కాబట్టి ఇంకో దుబాసీతో మళ్ళీ రావాలని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి పంపేశారు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద ఆకుల గిన్నె సిద్ధంగా ఉంది. పుల్లయ్య తల దించుకుని నమిలాడు. గిన్నె సగమయ్యాక ధైర్యం చేశాడు.

"ఇంతకీ నువ్వు చెప్పకుండా వదిలేసిన మాటేంటి?"

ఆండాళ్ గిన్నెకేసి చూస్తూ అంది. "ఈ ఉద్యోగంలో ఆ మాట ఎంతమందికో చెప్పానండీ. వాళ్ళ పెళ్ళాలు పక్కనుండగానే చెప్పాను. ఇవాళ నోరు రాలేదు. భయమేసింది."

పుల్లయ్యకు అప్పుడర్థమైంది. తెలుగులో చెప్పకుండానే అర్థమైంది. ఆకు గొంతులో అడ్డం పడి నీళ్ళు తాగాడు. నడుం కొలిపించుకుని, నాలుగు తిట్లు తినేసి ఉంటే పోయేది కదా అని సిగ్గుపడ్డాడు.

అంతలో క్లినిక్ నుంచి ఫోన్. కొత్త టెర్మిన్‌కి ఏ భాష దుబాసీ కావాలని అదే అమ్మాయి అడిగింది. పుల్లయ్య ఆండాళ్ మొహం చూశాడు.

"దుబాసీ వద్దండీ. జర్మన్ నేర్చుకుంటున్నాను. పూర్తిగా వచ్చాక నేనే ఫోన్ చేస్తా" అని పెట్టేశాడు.

పొద్దుట్నుంచీ బిగుసుకుపోయి ఉన్న ఆండాళ్ భుజాలు దిగాయి.

"హమ్మయ్య! అయితే ఈ జన్మకి నాకు భయం లేదు" అని, మిగతా ఆకులు కూడా అతని గిన్నెలో వేసింది.