ఇస్తాంబుల్ కేడీ

"దొంగ ఆలోచించేది బుర్రతో కాదు వనజా, ముక్కుతో! నేను కొట్టిన దెబ్బ వాడి ముక్కు మీదే. నన్ను మించిన మొనగాడు ఈ ఇస్తాంబుల్లో ఇంకా పుట్టలేదు!"

దిగిన మొదటి రోజే హోటల్ గదిలో బనీనుతో నిలబడి వాకాడు చిన్నపోలయ్య ఈ ప్రకటన చేశాడు. రొయ్యల మేత బస్తాలు ఎక్కువ అమ్మినందుకు కంపెనీవాళ్ళు మొగుడూ పెళ్ళాలిద్దరికీ అయిదు రోజుల విదేశీ యాత్ర ఇచ్చారు. మేత అమ్మకం ఆయనకు పొట్టకూటి కోసం. అసలు వృత్తి అపరాధ పరిశోధన. "నా పేర్లోనే సగం పోలీసుండాడు" అంటాడు. మిగతా సగం 'అయ్యో' అని వనజాక్షి లోలోపల అనుకుంటూ ఉంటుంది. పక్కింటి హజరత్తయ్య కోడిని ఎత్తుకుపోయిన ముఠాను ఆయన మూడు వారాలు వెంటాడితే, ఆ కోడి గడ్డివాములోంచి పిల్లలతో సహా నడిచొచ్చింది.

దొంగ ముక్కు మీద కొట్టిన దెబ్బ ఏమిటో వనజాక్షికి రెండో రోజు పొద్దున తెలిసింది. కింద టూరు బస్సు హారన్ కొడుతోంది. ఆమె కొత్త చీర కట్టుకుని చెప్పులేసుకుంటోంది. ఆ ఊరి పెద్ద మసీదు గుమ్మటాన్ని మూడు నెలలుగా ఫోన్లో చూసి చూసి కలలో కూడా దాని కిందే తిరుగుతోంది మరి.

"వనజా, నెత్తళ్ళ కవరేదీ?"

"గదంతా ఎండుచేపల కంపు. నిన్న సాయంత్రం కిటికీ బయట పెట్టినా. ఇప్పుడు చూస్తే లేదు. పోతే పోయినాయిలే, పావుకిలో."

"పాస్‌పోర్టులు రెండూ దాంట్లోనే పెట్టినానే!"

వనజాక్షి మంచం మీద కూలబడింది. ఆ రెండు పుస్తకాలు లేకపోతే ఇల్లు చేరే దారి లేదు. "నాకెందుకు చెప్పలా?"

"ఇద్దరికి తెలిస్తే అది రహస్యం కాదే, మనూరి వాకాడు బస్టాండు."

బస్సు వెళ్ళిపోయింది. హోటల్ నడిపే ముసలాయన పైకొచ్చి, కిటికీ చూసి, కవరు సంగతి విని పకపకా నవ్వాడు. "కెదీ! కెదీ!"

చిన్నపోలయ్య ఒళ్ళు పులకరించింది. "కేడీ అంటుండాడు, విన్నావా? మన స్టేషన్లో బోర్డు మీద ఫొటోలు అంటిస్తారే, ఆ కేడీలు! ప్రపంచమంతా పోలీసు భాష ఒకటే!" ముసలాయన వైపు తిరిగాడు. "కేడీ నేమ్?"

"పాషా."

ముసలాయన బుగ్గల మీంచి బారెడు మీసాలున్నట్టు దువ్వి చూపించాడు. మోకాలి దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపించాడు.

"పొట్టోడు. మీసాలోడు. ఇంకా ఎంతమంది ఉండారు?"

"ఇస్తాంబుల్ ఫుల్! ఎవ్రీబడీ లవ్ కెదీ. ఐ గివ్ ఫిష్, ఎవ్రీ డే!"

"ఊరంతా కుమ్మక్కే! ఈయన కూడా రోజూ చేపలు మామూలు కింద ఇస్తాడంట!"

మెట్ల మీద నాలుగు పిల్లులు వరసగా కూర్చుని వాళ్ళనే చూస్తున్నాయి. "ఏమయ్యా, ఈ ఊళ్ళో పిల్లులు ఎక్కువ..." అని వనజాక్షి మొదలెట్టింది.

"కేసు మధ్యలో పిల్లుల ముచ్చటేందే!"

హోటల్ ముందు బండి మీద నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు అమ్మే మనిషి పొట్టిగా ఉన్నాడు, మీసాలు దిట్టంగా ఉన్నాయి. చాలదా? చిన్నపోలయ్య నల్లకళ్ళద్దాలు పెట్టి, తువ్వాలు తలకు చుట్టి రెండు రోజులు అతని మీద నిఘా వేశాడు. ఆ రొట్టెలాయన పాపం ఎవరో దిక్కులేనివాడనుకుని రెండు పూటలా టీ ఇచ్చాడు. 'దాన్లో మత్తుమందు కలిపినాడు' అంటూనే చిన్నపోలయ్య తాగాడు. కాపలాకి తోడుగా మెట్ల మీద కూర్చోబెట్టిన వనజాక్షికి నగరమంటే ఆ గోడే, ఆ బండే. ఆమెకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

నాలుగో రోజు పొద్దున చిన్నపోలయ్య బండికి అడ్డంగా దూకాడు. "పాషా! నీ ఆట కట్టు! లొంగిపో!"

అతను ఆకలేమోనని ఒక రొట్టె చేతికిచ్చాడు. చిన్నపోలయ్య వీరుడిలా ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక గోడవార ఖాళీ పళ్ళపెట్టెలున్నాయి. వెల్లకిలా వాటి మీద పడ్డాడు. పెట్టెలు ఫెళఫెళా విరిగాయి. ఆయన నడుం కింది నుంచి ఒక బలిసిన పసుప్పచ్చ పిల్లి కెవ్వుమంటూ లేచింది.

"పాషా!" అన్నారు రొట్టెలాయనా, హోటల్ ముసలాయనా ఒకేసారి. ముసలాయన పిల్లిని వేలెత్తి చూపించి "కెదీ!" అని మళ్ళీ పకపకా నవ్వాడు.

పెట్టెల అడుగున చిరిగిన కవరూ, రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి. నెత్తళ్ళు ఒక్కటీ లేవు.

చిన్నపోలయ్య నడుం పట్టుకుని లేచాడు. "చూసినావా? కేడీని వాడి స్థావరంలోనే మట్టుబెట్టినా!"

వనజాక్షి పాస్‌పోర్టులు కొసలతో పట్టుకుని ముక్కు మూసుకుంది. అవి తడిగా ఉన్నాయి, ఎందుకు తడిశాయో వాసనే చెబుతోంది. తీసుకెళ్ళి కిటికీలో పరిచి, మొగుడి చేతికి కర్ర ఇచ్చింది.

"రేపు ఇంటికి పోవాల. ఎండేదాకా కదలబాక. ఎండబెట్టిన చేపలకు కాపలా కాసే ఇంట పుట్టినావు గదా, ఇది నీకు చేతనైన పనే. నేను గుమ్మటం చూసొస్తా."

"ఒక్కదానివే పోతావా? ఊరంతా కేడీలే!"

"ఉండనీ. వాటికి పెట్టేదానికి నా దగ్గర నెత్తళ్ళు కూడా లేవు."

ఆమె రొట్టెలాయనకు దణ్ణం పెట్టి, రెండు రొట్టెలు కొనుక్కుని వెనక్కి చూడకుండా నడిచింది. కిటికీలో ఈ పక్క చిన్నపోలయ్య, ఆ పక్క పాషా కూర్చున్నారు. కాసేపటికి చిన్నపోలయ్య గురకపెట్టాడు. నిఘా మాత్రం పాషా మానలేదు.