మేత మూటలో పార్సిల్

ఆ పొద్దున రెజీనా అనుకున్న పనులు రెండే: భర్త తెల్లచొక్కా ఇస్త్రీ చేయడం, అతను సభలో తడబడకుండా ప్రార్థన చేసుకోవడం. అల్లూరు బజారులో లాజరస్‌కు ఫ్యాన్లు, మిక్సీల షాపుంది. వచ్చినవాళ్ళు ఫ్యాను తిప్పించి చూస్తారు, ఫొటో తీసుకుంటారు, పన్నుతో కలిపి రేటు చెప్పగానే "ఫోన్లో ఇంకా తక్కువన్నా" అని జారుకుంటారు. ఆన్‌లైన్ వాళ్ళ దగ్గరా పన్ను గట్టిగా వసూలు చేయాలని వర్తక సంఘం ఆ పూటే సభ పెట్టింది. ప్రధాన వక్త లాజరస్. ఆన్‌లైన్ సరుకు తెప్పించిన వ్యాపారిని సంఘం నుంచి తీసేస్తామని అధ్యక్షుడు, గిన్నెల కొట్టు కామాక్షయ్య, ముందే చాటించాడు.

లాజరస్ అటు వెళ్ళగానే ఇటు పార్సిళ్ళ వినోద్ బండి ఆగింది.

"లాజరస్ గారి ఇల్లే కదక్కా? డబ్బులు ముందే కట్టేసినారు. పట్టుకోండి."

ఆన్‌లైన్ సరుకు! రెజీనా డబ్బాను గబుక్కున కొంగు కింద దాచింది. ఇది కూతురు బిందు పనే, నాన్న ఫోను తీసి నొక్కి ఉంటుంది! కాలేజీలో ఉన్న బిందుకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోవడమే రుజువు. ఇక సంఘం వెలివేస్తుంది, షాపు మూతపడుతుంది, పన్నులవాళ్ళు జీపులో దిగుతారు, లాజరస్ మంచం పడతాడు.

పక్కింటి పెంచలకృష్ణ తన రొయ్యల గుంటల కోసం తెచ్చిన మేత మూటలు రెజీనా వాళ్ళ వసారాలోనే ఉన్నాయి. ఒక ఖాళీ సంచిలో డబ్బాను దూర్చి, మూతి కట్టి, మూటల మధ్య పెట్టింది. మంచినీళ్ళు తాగి వచ్చేసరికి వసారా ఊడ్చినట్టుంది. పెంచలకృష్ణ మూటలన్నీ ఆటోకెత్తుకుని వెళ్ళిపోయాడు.

"అబ్బయా, కిష్ణా! అందులో ఒక మూట విప్పబాక నాయనా!" అని ఫోనులో అరిచింది.

"ఎందుకు వదినా?"

ఎందుకో ఆలోచించుకోలేదు. "అందులో... ఎలకల మందు ఉండాది!"

మూడెకరాల రొయ్యలున్నవాడికి ఆ మాట చాలు. పెంచలకృష్ణ ఆటోను నేరుగా సభ దగ్గరికే తోలించాడు.

"లాజరన్నా! మీ ఇంటామె నా మేతలో ఎలకల మందు కలిపిందంట! ఏం పాపం చేసినానన్నా మీకు?"

జనం మూగారు. కామాక్షయ్య ఒక్కో మూటా కోయించాడు. చివరిదాంట్లో డబ్బా బయటపడింది. సంగతి తెలిసి ఆయాసపడుతూ వచ్చిన రెజీనా చేతులు జోడించింది. "అయ్యా, మా ఆయనకేం తెలీదు. మా బిడ్డ తెప్పించినాది. సంఘంలోనించి తీసేయబాకండయ్యా!"

కామాక్షయ్య కళ్ళజోడు సర్దుకుని చీటీ చదివాడు. "తెప్పించింది లాజరస్సే అని ఉండాదే?"

లాజరస్ ఇస్త్రీ చొక్కా అప్పటికే చెమటతో తడిసింది. "సభకు మైకు తెమ్మన్నారు గదన్నా. నెల్లూరు హోల్‌సేలాయన పన్నేసి చెప్పిన రేటుకు ఫోన్లో ఇవి రెండొస్తాయి. సంఘం సొమ్ము గదా అని..."

"నా మొగుడే!" అంది రెజీనా.

కామాక్షయ్య డబ్బా విప్పి, స్పీకరుతో సహా వచ్చిన బ్యాటరీ మైకును అటూ ఇటూ తిప్పాడు, మీట నొక్కాడు, బరువు చూశాడు. లాజరస్ భుజం మీద చేయి వేసి పక్కకు లాగి, చెవిలో గుసగుసగా అన్నాడు:

"మా గుళ్ళోది చెడిపోయినాది లాజరూ. అట్టాంటిదే ఒకటి తెప్పించు. ఎవురికీ చెప్పబాక."

మీట నొక్కి ఉన్న సంగతి ఆయనకు గుర్తులేదు. ఆ గుసగుస బస్టాండు దాకా వినిపించింది.

ఆ సభలో ఏకగ్రీవంగా తేలింది ఒక్కటే: మైకు బాగుంది.