మేడమీద కడుపునొప్పి

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు కిటికీ తెరిచి, కాలేజీ వీధిలోంచి వస్తున్న ఆమ్లెట్ వాసనను గుండెల నిండా పీల్చి, "ఇవాళ ఏమైనా సరే, వెళ్ళి తీరాలి," అన్నారు. అదే కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేసే ఆయన భార్య అప్పటికే చెప్పులు వేసుకుని కూర్చుంది. ఆ వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా తిండి కొట్లే. ఆమ్లెట్ బండి, సూపుల షాపు, నూడుల్స్ హోటలు, కేకుల బేకరీ. దంపతులిద్దరూ ఊళ్ళోకొచ్చి ఆర్నెల్లయినా వాటిలో ఒక్కదాని గుమ్మమైనా తొక్కలేదు. తొక్కే వీలు లేదు.

వీలు లేకపోవడానికి కారణం కింది వాటా. అక్కడ మెస్సు ఉంది. మెస్సు నడిపే ఇంటావిడని ప్రిన్సిపాలు మొదలుకొని ప్యూను వరకూ అందరూ పిన్ని అనే పిలుస్తారు. మేడ అద్దెకిచ్చిన రోజునే ఆవిడ ఒక షరతు పెట్టింది. "బాబూ, మిగతావన్నీ మీ ఇష్టం. తిండి మాత్రం నా చేతిదే తినాలి. నా మేడమీద ఉంటూ మీరు పక్క కొట్లో తింటే చూసినవాళ్ళు నా వంట గురించి ఏమనుకుంటారు? అలా తిన్ననాడు ఇల్లు ఖాళీ చేసెయ్యండి."

షరతు వరకైతే సర్దుకుపోవచ్చు. దానికి తోడు ఒక ఉద్యోగం కూడా అంటగట్టింది. రోజంతా పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకి తమ వంట రుచి తమకి తెలియదని పిన్ని నమ్మకం. అందుకని ఏ గిన్నె దించినా మొదటి పళ్ళెం మేడమీదికి వస్తుంది. మాస్టారు ఒక ముద్ద తిని మడమతో నేలమీద కొట్టాలి. ఒక దెబ్బయితే బాగుందని, రెండయితే ఉప్పు తక్కువని, మూడయితే ఎక్కువని అర్థం. ఆ దెబ్బ వినబడ్డాకే కింద వడ్డన మొదలవుతుంది. పళ్ళెం ఖాళీగా తిరిగి రాకపోతే పిన్ని మోకాళ్ళ నొప్పుల్ని కూడా లెక్కచెయ్యకుండా మెట్లెక్కి వచ్చేస్తుంది.

వంట బాగానే ఉంటుంది, అందులో మాటే లేదు. కానీ సోమవారం క్యాబేజీ అంటే సృష్టి ఉన్నంతకాలం సోమవారం క్యాబేజీయే. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత పుట్టింది ఇలాంటి వాళ్ళ కోసమే.

"ఏం చెప్పి బయటపడదామండీ?" అంది భార్య.

"కడుపులో బాగోలేదని చెబుదాం. కడుపు బాగోలేనివాడికి పళ్ళెం ఎవరు పంపిస్తారు?" అన్నారు మాస్టారు. లెక్కలు చెప్పేవాళ్ళకి దారి సూటిగా కనిపించిందంటే చాలు, అది ఎక్కడికి పోతుందో చూడరు.

ఆవిడ మెట్లమీదనుంచి కిందికి వంగి నీరసంగా కేకేసింది. "పిన్నీ, రాత్రినుంచి మా ఇద్దరికీ కడుపులో బాగోలేదు. ఇవాళ పళ్ళెం పంపకండి. తలుపేసుకుని పడుకుంటాం."

కింద గరిటె నేలమీద పడ్డ చప్పుడైంది. దంపతులు దాన్ని పట్టించుకోలేదు. ఎవరూ గుర్తుపట్టకుండా మాస్టారు ఎర్రటి ఎండలో మంకీ క్యాప్ తగిలించుకున్నారు, భార్య చున్నీని ముక్కుదాకా చుట్టుకుంది, ఇద్దరూ వెనక ఇనుప మెట్లు దిగి ఉడాయించారు.

ఆమ్లెట్ బండి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. మాస్టారికి రెండో ఆమ్లెట్ చేతికొచ్చేసరికి నుదుట చెమట ధారకట్టింది.

"ఈ గిరాకీ రోజూ ఇంతేనా?" అని అడిగారు.

"ఎక్కడ సార్! ఇవాళ మెస్సు మూసేశారు," అన్నాడు ఆమ్లెట్ అబ్బాయి, ఇంకో గుడ్డు కొడుతూ. "మేడమీదాయన రాత్రి మెస్సులో తిని పొద్దున్నే పడిపోయాడంట. ఆయన దెబ్బ కొడితేనే గాని పిన్ని వడ్డించదు కదా. దెబ్బే లేదు! పొద్దున వండినదంతా పారబోసేసింది. రాత్రి తిన్న పిల్లలందర్నీ డాక్టరు దగ్గరికి పొమ్మని హాస్టళ్ళకి కబురు కూడా పెట్టింది. పాపం, ఏడుస్తా కూర్చుందంట."

మాస్టారు మంకీ క్యాప్‌ని కళ్ళదాకా లాక్కున్నారు. భార్య ఆయన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"వెళ్ళి నిజం చెప్పేద్దామండీ. నాకు ఏమీ బాగోలేదు."

"చెబితే ఇల్లు ఖాళీ."

"చెప్పకపోతే ఆవిడ మెస్సు ఖాళీ! ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు."

"చెబుదాంలేవోయ్. ఎలా చెప్పాలో ముందు ఆలోచించుకోవాలి కదా. సూపు తాగుతూ ఆలోచిద్దాం. ఖాళీ కడుపుతో బుర్ర పనిచెయ్యదు."

"ఇంకా ఖాళీ ఎక్కడుందండీ? రెండు ఆమ్లెట్లు మింగారు!"

అయినా సూపుల షాపులో కూర్చున్నారు. సూపు పొగలు కక్కుతోంది. మాస్టారు చెంచా నిండా తీసుకుని, అందులో తేలుతున్న పుట్టగొడుగుతో సహా నోట్లో పోసుకున్న క్షణాన ఫోను మోగింది. ప్రిన్సిపాలు. అలవాటుకొద్దీ వెంటనే ఎత్తారు. నోట్లో నిప్పు. మింగలేరు, ప్రిన్సిపాలు లైన్లో ఉండగా ఉమ్మలేరు.

"ఎలా ఉందయ్యా?" అన్నాడు ప్రిన్సిపాలు ఆదుర్దాగా.

"హా... ఊఁ... హాహ్..." అన్నారు మాస్టారు కళ్ళనీళ్ళతో.

"అయ్యయ్యో! మాట్లాడకు, మాట్లాడకు. మూలుగు వింటుంటేనే తెలుస్తోంది. రేపటి నీ పరీక్ష వాయిదా వేసేశాను. కాలేజీ వ్యాను పంపిస్తున్నా, కదలకుండా పడుకో!"

ఇక చెప్పేదేముంది! లెక్కల పరీక్ష వాయిదా పడిందన్న వార్త వీధిలో పొక్కగానే, మిగతా పరీక్షలున్నవాళ్ళందరికీ కూడా కడుపులో తిప్పడం మొదలైంది. క్లినిక్ ముందు వరస రోడ్డుమీదికి వచ్చింది. జన్మలో పిన్ని మెస్సు మొహం చూడనివాళ్ళు కూడా పొట్ట పట్టుకుని అందులో నిలబడ్డారు. వ్యాను మేడ దాకా వెళ్ళి, ఎంత కొట్టినా తలుపు తీసేవాళ్ళు లేక వెనక్కి వచ్చింది. "తలుపు తీసే ఓపిక కూడా లేదంట," అని డ్రైవరు గంటనుంచీ నడివీధిలో అందరికీ చెబుతున్నాడు. పక్కనే మంకీ క్యాప్‌లో నిలబడ్డ మాస్టారు ఆ మాట విన్నారు. ఆయనకిప్పుడు నిజంగానే కడుపులో దేవుతోంది. సిగ్గు వేసింది, భయం వేసింది, అన్నిటికీ మించి తనకోసం ఏడుస్తూ కూర్చున్న ఆ పెద్దావిడ మొహం కళ్ళముందు కదిలింది.

"పద, ఇప్పుడే చెప్పేద్దాం. ఇల్లు పోతే పోయింది," అన్నారు.

సరిగ్గా అప్పుడే ఆయన క్లాసు పిల్లలు గుంపుగా ఎదురొచ్చారు. చెప్పాలన్న ధైర్యం పిన్ని వరకేగాని పిల్లల వరకు లేదు. భార్యాభర్తలు పక్కనే ఉన్న నూడుల్స్ హోటల్లోకి దూరి, ఫ్యామిలీ రూమని రాసివున్న కర్టెన్ తొలగించి లోపలికి జొరబడ్డారు.

లోపల పిన్ని ఉంది. ముందు పెద్ద ప్లేటు నూడుల్సు. బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. ఒక నూడులు ఇంకా పెదవికి వేలాడుతోంది.

పిన్ని ఆ నూడుల్ని మెల్లగా లోపలికి లాక్కుంది. ఆవిడ చూపు మంకీ క్యాప్ మీదనుంచి కిందికి దిగి, చొక్కామీద పడ్డ సూపు మరక దగ్గర ఆగింది.

"కడుపులో బాగోలేదన్నారు?" అంది.

"పిన్నీ, తప్పయిపోయింది," అన్నారు మాస్టారు క్యాప్ తీసేసి. "బయట తినాలనిపించి అబద్ధం చెప్పాం. మీ వంటలో ఏ లోపం లేదు. ఇప్పుడే వీధంతా తిరిగి అందరికీ చెబుతాను. ఇల్లు కూడా ఖాళీ చేసేస్తాం."

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా చేతి తిండి తిని మీకేమన్నా అయిందేమోనని నా ప్రాణాలు పోయాయి బాబూ. మీరు తలుపు తియ్యట్లేదని వ్యాను డ్రైవరు చెబితే పెరటి కిటికీకి నిచ్చెన వేయించి చూశాను. మంచం ఖాళీ. డాక్టరేమో, ఎవరి పొట్టలోనూ ఏ రోగమూ లేదు, రేపు పరీక్ష ఉంది అంతే అన్నాడు. విసుగొస్తే విసుగొచ్చిందని నాతో అనకూడదూ?"

మాస్టారు తల దించుకున్నారు. లైబ్రేరియన్ మాత్రం ప్లేటు వంక చూసింది. "మీకూ విసుగొచ్చిందా పిన్నీ?"

పిన్ని కర్టెన్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "రాదుటమ్మా! మెస్సు పెట్టాక నాకు మధ్యాహ్నం ఖాళీ దొరకడం ఇవాళే. మీరు సోమవారం ఒక్కపూట తినే క్యాబేజీని నేను ఆదివారం కోసి, సోమవారం వండి, మిగిలింది మంగళవారం తింటాను. మెల్లగా మాట్లాడండి, నేనిక్కడ తింటున్నానని తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది."

ఇంతలో పిల్లల గుంపు కర్టెన్ అవతలి బల్ల దగ్గర కూలబడింది. లోపలున్న ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

"పిన్ని గ్రేటురా," అన్నాడు ఒకడు. "ఒక్క మనిషికి బాగోలేదంటే గిన్నెలకి గిన్నెలు పారబోసింది. ఇంకెవడన్నా అయితే మనకే వేడిచేసి పెట్టేవాడు. రేపట్నించి నేను మెస్సులోనే తింటా."

"మన మాస్టారు కూడా దేవుడురా," అన్నాడు ఇంకొకడు. "మనకోసం కడుపునొప్పి తెచ్చుకున్నాడు."

పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిజం ఊరంతా చెప్పాలని మాస్టారు లేవబోతే రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. ప్లేటు మధ్యకి జరిపి, ఇంకో రెండు ఫోర్కులు తెమ్మని సైగ చేసింది. మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పు కొంచెం ఎక్కువైందన్నారు. పిన్ని కూడా రుచి చూసి, నిజమేనని సంతోషంగా ఒప్పుకుంది.

"మేం ఇల్లు ఖాళీ చెయ్యాలా పిన్నీ?" అంది లైబ్రేరియన్ ఎట్టకేలకు.

"ఖాళీ ఎందుకమ్మా? బేకరీ ఇంకా చూడనే లేదు," అంది పిన్ని ఆఖరి నూడుల్ని చుట్టుకుంటూ. "కానీ కడుపునొప్పి మళ్ళీ వద్దు, వచ్చే ఆదివారం జ్వరం తెచ్చుకోండి బాబూ. అదైతే నా వంట మీదికి రాదు."